ఖురియాత్‌లో పడని గోడ

మస్కట్ వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధి ఆడవాళ్ళంతా బంగారం ఎంత తెచ్చావని అడిగారు. ఖర్జూరం పొట్లాలు చేతిలో పెడితే మొహాలు మాడ్చుకున్నారు. బంగారం కోసం కాదమ్మా, ఒక గోడ చూడటానికి వెళ్ళానంటే, విజయవాడలో గోడలు కరువయ్యాయా అని పక్కింటావిడ నవ్వింది. ఆవిడ కోసమూ, ఆవిడలాగే ఆ దేశం చూడని మిగతావాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను.

నేనొక వారపత్రికలో విదేశీ సినిమావాళ్ళ జీవితాలు రాస్తుంటాను. పోయిన ఏడాది వెస్లీ క్రాండల్ అనే అమెరికా నటుడి కథ మొదలుపెట్టాను. మన దగ్గర ఆయన పేరు తెలిసినవాళ్ళు తక్కువ. గోధుమ చేల మధ్య చిన్న ఊళ్ళో పెట్రోలు బంకు నడిపేవాడి కొడుకు. గుర్రాల సినిమాల్లో హీరోకి బదులు కిందపడే పనికి కూలీగా చేరాడు. కొన్నేళ్ళు వాళ్ళకీ వీళ్ళకీ బదులు పడీ పడీ, ఒకసారి హీరో అలిగి రాకపోతే ఆ వేషం తనే వేశాడు. జనానికి నచ్చాడు. నలభై దాటాక తనే డైరెక్టరయ్యాడు. మూడు మంచి సినిమాలు తీశాడు, తర్వాత రెండు పోయాయి. డబ్బుతోపాటు ఇద్దరు పెళ్ళాలూ పోయారు. తాగుడు ఒక్కటి మిగిలింది. అందరూ ఆయన పని అయిపోయిందనుకున్నప్పుడు, ఎనభైల చివర ఒమాన్ వెళ్ళి చివరి సినిమా తీశాడు. అందులో ముసలి సిపాయి వేషమూ ఆయనదే.

కథ చిన్నది. తనని మోసం చేసినవాడి ఇల్లు కూలగొట్టి తీరతానని ఆ సిపాయి ఎడారంతా దాటుకుని వస్తాడు. తీరా వచ్చాక ఇల్లు కూలదు. ముసలాడు గోడకి నుదురు ఆనించి నవ్వుతాడు, ఆ గోడ నీడలోనే కూర్చుంటాడు. అంతే సినిమా. ఎందుకలా ముగించాడు? ఒకాయన క్షమాగుణం అని రాశాడు, ఇంకొకాయన ముసలితనం అని రాశాడు. ఆ అధ్యాయం దగ్గరే నా కలం ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే మా తమ్ముడు ప్రసాదు, "అక్కా, ఊరికే బాధపడక వచ్చి ఆ చోటు చూసుకుపో" అని వీసా పంపాడు. అమెరికా వాడి కథ తెలుసుకోవడానికి అరబ్బు దేశం వెళ్ళానన్నమాట.

అజైబా

ప్రసాదు వాళ్ళ ఇల్లు మస్కట్‌లోని అజైబాలో. కింద దుకాణాలు, పైన ఇళ్ళు. నేను వెళ్ళిన మొదటి రెండు రోజులూ ప్రతి వస్తువు ధరనీ రూపాయల్లోకి మార్చుకుని గుండె బాదుకున్నాను. వాళ్ళ చిల్లరలో వంద బైసల టీ అంటే మా ఊళ్ళో నలుగురం తాగొచ్చు. "ఆ లెక్క మానెయ్యండి వదినా, లేకపోతే ఇక్కడ మంచినీళ్ళు కూడా దిగవు" అని మా మరదలు జయ నవ్వింది. మూడో రోజుకి మానేశాను. అప్పటినుంచీ ఆకలి వేసింది.

ఆ దేశంలో నాకు మొదట నచ్చింది కార్ల మర్యాద. రోడ్డు దాటడానికి అంచున నిలబడితే అంత పెద్ద కారూ ఆగిపోయింది. నన్ను చూసి కాదేమోనని వెనక్కి తిరిగి చూశాను. లోపలున్న, తెల్లటి పొడుగు అంగీ దిష్‌దాషా వేసుకున్న ఆయన చెయ్యి ఊపి వెళ్ళమన్నాడు. మా బందరు రోడ్డు మీద నలభై ఏళ్ళుగా నాకు దక్కని గౌరవం అది.

గోడ చూపించే మనిషిని ప్రసాదే కుదిర్చాడు. పేరు మస్తాన్ వలి, కడప. ప్రసాదు కంపెనీలో పికప్ నడుపుతాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, యజమాని అర్బాబ్‌తో అరబ్బీ, నాతో కడప తెలుగు.

"ఖురియాత్‌లో సినిమా ఇల్లు నాకు తెల్సు అక్కా. దానికి సూసేదేముండాది? నాలుగ్గోడలు. మా కడపలో అట్లాంటివి శానా ఉండాయి" అన్నాడు.

"ఒక్క గోడ కోసం ఇంత దూరం వచ్చాను బాబూ" అన్నాను.

పికప్ తాళాలు జేబులోంచి తీసి, "సరే, పోదాం పా అక్కా. సూసినాక తిట్టొద్దు" అన్నాడు.

ఖురియాత్

దారంతా కొండలే. మన కొండల మీద కనీసం తుప్పలుంటాయి. ఇవి బొత్తిగా బట్టలు లేకుండా నిలబడ్డాయి. అలాంటి కొండల్లోంచి ఒక్కసారిగా సముద్రమూ ఖర్జూరపు తోటలూ కనబడేసరికి నేను పైకే అరిచాను. మస్తాన్ ఉలిక్కిపడి బ్రేకు వేశాడు.

ఖురియాత్ చేపల ఊరు. గాలంతా ఎండుచేపల వాసన. మా మచిలీపట్నం మేనత్త ఊరు గుర్తొచ్చింది, ప్రాణం లేచొచ్చింది. సినిమా ఇల్లు ఊరి చివర ఉంది. మట్టి రంగు గోడలు, ఖర్జూరపు మానుల కప్పు. సినిమాలో చూసిన ఇల్లే! కాకపోతే ఇప్పుడు లోపల వలలూ, పడవ మోటారూ, గోడకి ఆనించిన తెడ్లూ ఉన్నాయి. హమూద్ అనే పెద్దాయన దాన్ని వాడుకుంటున్నాడు. మేమెవరమో, ఎందుకొచ్చామో అడగకుండానే చాప పరిచి ఖర్జూరాలూ కహ్వా పెట్టాడు.

కహ్వా అంటే యాలకుల వాసన వేసే చక్కెర లేని కాఫీ. చిట్టి కప్పులో ఇస్తారు. తాగాను. మళ్ళీ పోశాడు. పెద్దాయన పోస్తే కాదనకూడదని తాగాను. మళ్ళీ పోశాడు. మన ఇళ్ళల్లో చెయ్యి అడ్డం పెడితే సరిపోతుంది కదా, అదీ చేశాను. ఆయన నా చెయ్యి తప్పుకునేదాకా ఓపిగ్గా ఆగి మళ్ళీ పోశాడు. నా కడుపు కాలువైపోతుండగా మస్తాన్ నవ్వాపుకోలేక, "కప్పు అట్లా ఇట్లా ఊపల్ల అక్కా! ఊపకుంటే రాత్రి దాకా పోస్తానే ఉంటాడు" అన్నాడు. ఊపాను. హమూద్ కూజా కింద పెట్టి, మొదటిసారిగా హాయిగా నవ్వాడు.

ఈ ఇంటిని అమెరికా ఆయన ఎందుకు కూల్చకుండా వదిలేశాడని అడిగించాను. హమూద్ చెప్పింది మస్తాన్ తెలుగు చేశాడు.

"ఎవరు వదిలేసింది? ముందు గోడకి తాళ్ళు కట్టి లారీతో లాగినారంట. తాడు తెగిపాయంట. ఇంకోసారి లాగితే లారీకి కొక్కెం ఊడొచ్చిందంట. గోడ మాత్రం అట్లనే ఉండాదంట. ఊరంతా సూసినారంటక్కా. హిందీ వాళ్ళు, అంటే మన ఇండియావాళ్ళు, కట్టిన గోడ అది, అట్లా పడదు అంటా ఉండాడు."

నేను నోరు వెళ్ళబెట్టాను. క్షమాగుణం లేదు, ముసలితనం లేదు. గోడ పడనని మొండికేసింది, అంతే! ఎన్ని పుస్తకాలు చదివాను, ఎంతమంది ఎన్నేసి రాశారు! ఆ చాప మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. ఎందుకో తెలియకపోయినా హమూద్ కూడా నాతోపాటు నవ్వాడు, మంచివాడు.

కట్టిన మేస్త్రీ పేరు ఆయనకి గుర్తుంది. గంగరాజం. ఇప్పుడు ఇబ్రాలో సైట్ మీద ఉన్నాడని, కిందటి ఏడు తన తమ్ముడింటి ప్రహరీ కూడా అతనే కట్టాడని చెప్పాడు. బయల్దేరేటప్పుడు ఎండుచేపలు ఒక మూట కట్టి ఇచ్చాడు. దాని వాసనకి జయ నన్ను రెండు రోజులు వంటింట్లోకి రానివ్వలేదు.

ఇబ్రా

మేం వెళ్ళింది బుధవారం. ఇబ్రాలో బుధవారం ఆడవాళ్ళ సంత. అమ్మేదీ ఆడవాళ్ళే, కొనేదీ ఆడవాళ్ళే. మగవాళ్ళకి ప్రవేశం లేదు. మస్తాన్ బయటే ఆగిపోయి, "పోయిరా అక్కా, నాకు కాస్త నిద్ర దొరికింది" అని సీటు వెనక్కి వాల్చాడు. లోపల ముక్కు మీద ముసుగు పెట్టుకున్న ఒక పెద్దావిడ నా నల్లపూసలు పట్టుకుని చూసి, తన మెడలో వెండి గొలుసు చూపించింది. ఒకరి మాట ఒకరికి రాదు. వేళ్ళతోనే బేరమాడి సుర్మా భరిణె కొన్నాను. డబ్బు తీసుకున్నాక నా బుగ్గ గిల్లి గుప్పెడు నిమ్మకాయలు ఊరికే ఇచ్చింది. మా కాళేశ్వరరావు మార్కెట్‌లో ఇన్నేళ్ళలో ఒక్క కొత్తిమీర కట్ట ఊరికే ఇచ్చినవాళ్ళు లేరు.

గంగరాజం సైట్ ఊరికి అవతల. కొత్తగా కడుతున్న దుకాణాల వరస దగ్గర, నెత్తికి తువ్వాలు చుట్టుకుని, గోడ మీద తాపీతో మాలు సర్దుతూ కనిపించాడు. యాభై దాటి ఉంటాయి. జగిత్యాల దగ్గర ఊరట. క్రాండల్ పేరెత్తగానే మొహం అదోలా అయిపోయింది.

"నేను గాదు మేడం. గా గంగరాజం వేరే" అన్నాడు.

నాకు ఓపిక తక్కువ. వెళ్ళిపోదామని లేచాను కూడా. మస్తానే ఆపాడు. పక్క దుకాణం నుంచి టీలు తెచ్చి ఇచ్చి, కడప గురించీ జగిత్యాల గురించీ మాట్లాడుతూ కూర్చున్నాడు. మస్తాన్‌కి నేను ఎంత రుణపడ్డానో అప్పుడు తెలియలేదు. టీ సగం అయ్యాక గంగరాజమే నా వైపు తిరిగాడు.

"గా సాబు సినిమా కరాబైంది నా వల్లనే అక్కా" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. తను అప్పటికి కొత్తగా వచ్చాడు. ఖురియాత్‌లో ఇల్లు కట్టాలె, జల్దీ కట్టాలె అని సూపర్‌వైజర్ డ్రాయింగ్ చేతిలో పెట్టి పోయాడు. లాగగానే కూలాలని నోటిమాటగా చెప్పాడు. పునాది లేకుండా, బోలుగా, వెనక కర్రల పోటుతో నిలబెట్టాల్సిన గోడ అది.

"మరి ఎందుకలా కట్టలేదు?" అన్నాను.

"ముగ్గు వోసినం గదక్కా!" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు. "మనం ఇల్లు మొదలు పెడ్తె ముగ్గు వోస్తం, పసుపు కుంకుమ జల్లి కొబ్బరికాయ గొడ్తం. ఆడ గుడ గట్లనే జేసినం. మత్రా బజార్ల కెల్లి కొబ్బరికాయ తెప్పిచ్చిన. కాయ గొట్టినంక కూలేటట్టు ఎట్ల గడ్తం? చేతులు రాలే. నాతోని ఉన్నోళ్ళు గుడ వద్దన్నరు. ఎవలు లాగుతరు, ఎవలు సూస్తరు, గట్టిగనే కట్టుదాం అనుకున్నం. నడుంలోతు పునాది దీసినం."

"అబ్బ!" అన్నాడు మస్తాన్.

"షూటింగ్ దినం నేను లారీ కాడ ఉన్న. తాడు తెగింది. ఇగ సాబు ఒక్కడే గోడ కాడికి నడిసిపోయిండు. గోడకు తలకాయ ఆనిచ్చి... యెనక నుంచి సూసిన అక్కా, భుజాలు గిట్ల గిట్ల కదుల్తున్నయి. ఏడుస్తుండు. అంత పెద్ద మనిషి! గప్పుడే సూపర్‌వైజర్ మమ్మల్ని బండ్లెక్కిచ్చి తోలేసిండు. తెల్లారి నన్ను ఈడికి మార్చిండ్రు. మళ్ళ సాబును సూడలే. నాలుగేండ్లకు పోయిండని కేరళ దుకాణపాయన పేపర్ల సూసి చెప్పిండు. సినిమా నడ్వక, రందితోటే పోయిండనుకున్న."

రంది అంటే దిగులు. ఆ దిగులు ఎవరిదో నాకు కనిపిస్తూనే ఉంది. సాబు ఏడవలేదని, సినిమాలో నవ్వుతాడని చెప్పాను. ఆ చివరి దృశ్యమే అందరికీ నచ్చిందని, ఆ తర్వాత తాగుడు మానేసి కూతురి దగ్గర స్థిమితంగా బతికి పోయాడని చెప్పాను. గంగరాజం తల ఊపాడు గానీ నమ్మలేదు.

"సినిమాల ఏడువుమంటె ఏడుస్తరు, నవ్వుమంటె నవ్వుతరు. అది నిజం నవ్వని ఎట్ల ఎర్క అక్కా? మీరు నా మనసు నిమ్మళం జేద్దామని చెప్తుండ్రు."

నా దగ్గర ఆ సినిమా క్యాసెట్ ఉంది. ఎవరో స్నేహితులు లండన్ నుంచి తెచ్చి ఇచ్చినది అజైబాలో నా పెట్టెలో ఉంది. శుక్రవారం తెస్తాను, నువ్వే చూడు అన్నాను. తాపీకి అంటిన మాలు గీకి గీకి శుభ్రం చేశాడు. చివరికి, "రూమ్ల టీవీ, వీసీఆర్ ఉన్నయి. శుక్రారం రాండ్రి, మా తాన తినుండ్రి. గని గా గోడ నేను కట్టిన్నని మావోళ్ళకు చెప్పకుండ్రి. వాళ్ళకు ఎర్క లేదు" అన్నాడు.

మళ్ళీ ఇబ్రా

శుక్రవారం మస్తాన్‌కి సెలవు. అయినా, "ఇంత దూరం వచ్చినాక నాకు మాత్రం తెలియొద్దా అక్కా, ఏడిసినాడో నవ్వినాడో" అంటూ స్నానం చేసి సెంటు కొట్టుకుని వచ్చాడు. దారిలో నమాజుకి ఆగాడు. నేను పక్కన నీడలో కూర్చుని నిమ్మకాయ సోడా తాగుతూ ఎదురుచూశాను. తిరిగి బండి దగ్గరికి వెళితే క్యాసెట్ డ్యాష్‌బోర్డు మీద ఎండలో ఉంది. నేనే అక్కడ పెట్టాను. పట్టుకుంటే వేళ్ళు కాలాయి. ఒక మూల కాస్త వంగింది కూడా. ఇబ్రా చేరేదాకా దాన్ని ఏసీ గాలికి అడ్డంగా పట్టుకుని, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. మస్తాన్ తన వైపునుంచి తను దువా చేశాడు.

రూమ్ నా కోసం కడిగి ఉంది. మంచాలు గోడలకి జరిపి, మధ్యలో కొత్త చాప వేశారు. అందరూ కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళు. మగవాళ్ళ రూములోకి ఆడమనిషి వచ్చిందని అందరూ చొక్కాలు బొత్తాలన్నీ పెట్టుకుని ఉక్కగా కూర్చున్నారు. బగారన్నం, మేక మాంసం, పచ్చిపులుసు వండారు. ఆ పచ్చిపులుసు రుచి ఇంకా నాలిక మీదే ఉంది. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకి పెట్టినట్టు కొసరి కొసరి పెట్టారు. వాళ్ళలో చాలామంది అక్కచెల్లెళ్ళని చూసి రెండేళ్ళు దాటిందట. నా కంచంలో వడ్డించేటప్పుడు ఆ మాట ఎవరూ అనలేదు. తర్వాత మస్తాన్ చెప్పాడు.

భోజనాలయ్యాక క్యాసెట్ పెట్టాం. మొదట తెరంతా గీతలు. తర్వాత బొమ్మ వణుకుతూ వణుకుతూ నిలబడింది. నేను టీవీ పక్కన కూర్చుని ఇంగ్లీషు మాటలు తెలుగులో చెబుతూ పోయాను. కాసేపటికి వాళ్ళకి నా అవసరమే తప్పిపోయింది.

"గుర్రం బక్కగున్నది, పాపం."

"ముసలోడు మంచోడే, గని జిద్దు మనిషి."

"ఫైటింగ్ ఎప్పుడొస్తదక్కా?"

గంగరాజం మాత్రం గుమ్మంలో, సగం బయటికి తిరిగి కూర్చుని అంట్లు తోముతున్నాడు. తోమిందే తోముతున్నాడు. ముసలి సిపాయి దారిలో ఒక సత్రంలో నవ్వే చోటు వచ్చింది. తల తిప్పి చూశాడు, మళ్ళీ గిన్నె మీద పడ్డాడు. ఇంకోచోట పిల్లలతో నవ్వాడు. అప్పుడూ చూశాడు. ఆయన ఏం వెతుకుతున్నాడో నాకు అర్థం కాలేదు.

ఖురియాత్ ఇల్లు రాగానే గిన్నె కింద పెట్టేశాడు. సిపాయి తాడు లాగాడు. తాడు తెగింది. గోడ అలాగే ఉంది. సిపాయి ఒక్కడే గోడ దగ్గరికి నడిచి నుదురు ఆనించాడు. మనకి పక్కనుంచి మొహం కనిపిస్తుంది. భుజాలు కదులుతున్నాయి, నవ్వుతున్నాడు. కుడిచెయ్యి గోడ మీద చరుస్తూ, ఎడమచెయ్యి పక్కటెముకల మీద గట్టిగా నొక్కి పట్టుకుని, కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు.

"ఆపు! ఆపుండ్రి! యెనకకు వోనియ్యి!" అని గంగరాజం తడి చేతులతోనే లోపలికి వచ్చేశాడు. వెనక్కి తిప్పారు. టీవీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ చూశాడు. మళ్ళీ తిప్పమన్నాడు.

"చెయ్యి సూడుండ్రి" అన్నాడు. "చెయ్యి! సాబుకు నిజంగ నవ్వొస్తె ఎముకలు నొస్తుండె. గట్లనే పట్టుకుంటుండె. ఛాయ తాగేకాడ మేము రోజు సూస్తుంటిమి, మావోడొగడు ఆయన లెక్క నడిసి సూపిస్తె గిట్లనే పట్టుకుని నవ్వుతుండె. ఇందాక సత్రంల నవ్విండు, పోరగాండ్లతోని నవ్విండు, చెయ్యి పోలే. అది యాక్టింగ్. ఇది గాదు. ఇది నిజంగ నవ్వుడు!"

గుర్రాల మీంచి పడి పడి ఆయన పక్కటెముకలు సరిగ్గా అతుక్కోలేదని నేనే ఎక్కడో చదివాను. ఆ సినిమా ఎన్నిసార్లో చూశాను. ఆ చెయ్యి నాకెప్పుడూ కనిపించలేదు. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు. మస్తాన్ సెంటు వాసన వేసే చేతిరుమాలు నా వైపు తోసి, "నవ్వినాడు అక్కా! నవ్వినాడు!" అంటూ తనూ కళ్ళు తుడుచుకున్నాడు. ఈ దారిలో నాకు కహ్వా పోసినవాళ్ళకీ, నిమ్మకాయలు ఇచ్చినవాళ్ళకీ, ఈ చాప పరిచినవాళ్ళకీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

రూములో మిగతావాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. మంచం మీద కూర్చున్న నిజామాబాద్ అతను మమ్మల్ని మార్చి మార్చి చూసి, "ఏందే మేస్త్రీ! ఎన్నడన్న సినిమా సూసినవా నువ్వు? గా సాబు ఎముకల ముచ్చట నీకెట్ల ఎర్క?" అన్నాడు.

గంగరాజం తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. నా వైపు చూడలేదు. చాప మీద అందరి మధ్యా మఠం వేసుకుని కూర్చున్నాడు.

"గా గోడ కట్టింది నేనే రా" అన్నాడు. "ఇనుండ్రి. ఆడ తెల్లారంగనే ముగ్గు వోసినం..."